చెరువు పార్కు కోసం నేను తీసుకున్న వేలిముద్రలు

నాకు ఆ పని దొరికిన రోజు మా ఇంట్లో పాయసం వండారు. ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే నేను మొదటి నుంచీ కోపంగానే ఉన్నానని అనుకుంటారు.

అది 2011 ఎండాకాలం. కామారెడ్డి రైల్వే స్టేషనుకు దగ్గరలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం, నేనూ మా ఆయనా మా అత్తమ్మా. సివిల్ డిప్లొమా చదివి, ఇంటి ప్లాన్లు గీసే షాపులో మూడేళ్ళు పనిచేశాను. అక్కడ గీసినవన్నీ ఒకే రకం. ముందు రెండు షట్టర్లు, వెనక రెండు గదులు, పక్కన మెట్లు. అలాంటి సమయంలో హైదరాబాదులోని ఒక డిజైన్ ఆఫీసు వాళ్ళు స్థానికంగా తిరగగలిగే మనిషి కోసం వెతుకుతున్నారని తెలిసింది. ఎల్లారెడ్డి అవతల ఒక పెద్ద ఊరి చెరువు ఒడ్డున పార్కు కట్టాలట. దాని డ్రాయింగులు గీసే పని వాళ్ళకు వచ్చింది. ఆ పార్కు ఎలా ఉండాలో ఊళ్ళో వాళ్ళని అడిగి, ఫారాలు నింపి తేవడం నా పని.

ఆ ఆఫీసులో మా సార్ నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. మొదటి రోజే అన్నాడు: "పార్కు వాళ్ళది. వాళ్ళని అడక్కుండా మనం ఒక్క గీత కూడా గీయం." అప్పటిదాకా ఒక్క ఇల్లు గీసేటప్పుడు కూడా అందులో వంట చేయబోయే ఆడమనిషిని ఎవరూ ఏమీ అడగగా నేను చూడలేదు. ఆయన మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఫారాలు ఇంగ్లీషులో ఉన్నాయి. నలభై ప్రశ్నలు. వాటిని తెలుగులో రాయడానికి రెండు రోజులు పట్టింది. నేను పైకి చదువుతూ రాస్తుంటే మా అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ వింది.

"చెరువుకాడ పార్కేంది? చెరువే ఉన్నది గదా," అంది.

నేను నవ్వేసి రాసుకుంటూ పోయాను.

మొదటి రోజు చెరువు దగ్గరికి చేరేసరికి పదకొండు కావస్తోంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సు, అక్కడి నుంచి ఊరికి షేరింగ్ ఆటో. బంద్‌ల కాలం అది, ఏ రోజు బస్సు నడుస్తుందో ఏ రోజు నడవదో తెలిసేది కాదు. చెరువులో నీళ్ళు అడుగుకు పోయాయి. చాలా భాగం ఎండి, మట్టి పెంకులు పెంకులుగా లేచి ఉంది. నీళ్ళున్న మూల చాకిరేవు దగ్గర ఒక అవ్వ బండ మీద బట్టలు ఉతుకుతోంది. డెబ్బై దాటిన మనిషి. నా మొదటి ఫారం ఆమెదే.

"అవ్వా, ఇక్కడ పార్కు కడ్తరంట. మీరేమనుకుంటున్నరో అడగనీకి వచ్చిన."

"పార్కంటే?"

"చెట్లు పెడ్తరు, నడవనీకి బాట ఏస్తరు, కూసోనీకి బెంచీలు ఏస్తరు."

"ఎవలు కూసుంటరు?"

"మీరే."

"నేను కూసుంటే ఈ బట్టలెవలు ఉతుకుతరే?" అని గట్టిగా నవ్వింది.

మీరు వారంలో ఎన్నిసార్లు వాకింగ్ చేస్తారు అన్నది మూడో ప్రశ్న. "నడవకుంటే ఇంటికెట్ల పోత బిడ్డా?" అంది. 'రోజూ' అన్న గడిలో టిక్కు పెట్టాను. నా ఫారం ప్రకారం అవ్వ రోజూ వాకింగ్ చేసే మనిషి. తర్వాతి ప్రశ్నలో ఫౌంటెన్ కావాలా, బోటింగ్ కావాలా, పిల్లల ఆటస్థలం కావాలా అని వరసగా గడులున్నాయి. ఆమె వాటిలో ఏదీ అడగలేదు.

"నా బండ తియ్యొద్దని రాయి."

అది పట్టే గడి లేదు. చివర 'ఇతరములు' అని ఒక వరస ఖాళీ ఉంది. అక్కడ రాశాను.

"రాసినవా?"

"రాసిన అవ్వా."

"యాడ? చూపియ్యి."

ఆమెకు చదువు రాదు. అయినా తడి చేయి కొంగుకు తుడుచుకుని, నేను చూపించిన అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. అప్పుడుగానీ మళ్ళీ బట్ట అందుకోలేదు.

ఆ ఎండాకాలమంతా అలాగే తిరిగాను. చేపలు పట్టేవాళ్ళకు పెద్దగా ఉన్న ఒకాయన్ని అన్నా అని పిలిచేదాన్ని. సార్ నా సంచిలో పెట్టి పంపిన రంగుల బొమ్మను ఆయనకు చూపించాను. ఊరికే జనానికి అర్థమవడానికి వేసిన ఊహాచిత్రం అని సార్ చెప్పాడు. అందులో కట్టకు ఎడమ పక్క పిల్లల ఊయలలు, జారుడుబల్ల ఉన్నాయి. అన్న ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నన్ను వెంటబెట్టుకుని ఎండిన చెరువులోకి దిగాడు. సరిగ్గా ఊయలలు గీసిన చోట నిలబడ్డాడు.

"గిది శిఖం, చెల్లె. చెరువు లోపలిది. ఇప్పుడు ఎండింది గని, చెరువు నిండితే గీడ నాకు గీడిదాంక నీళ్ళు," అని అరచేయి గొంతు దగ్గర అడ్డంగా పెట్టి చూపించాడు. "మీ సారు ఎండల వచ్చి చూసిండా?"

"అయ్యుంటది."

"వానల రమ్మను."

అది కూడా ఇతరములు గడిలో రాశాను. గడి సరిపోక మార్జిన్‌లో, అదీ సరిపోక వెనక పేజీలో.

కట్ట కింద పదిహేనెకరాల మాగాణి ఉన్న పెద్ద రైతు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని ఊరంతా బాపు అనేది, నేనూ అన్నాను. తూము మీదుగా నడకబాట వేస్తే పొలాలకు నీళ్ళు వదిలే మనిషి ఎక్కడ నిలబడాలని ఆయన అడిగాడు. మంచి ప్రశ్న. తర్వాత గొంతు తగ్గించి, నీళ్ళు వెనక్కి పోయినప్పుడు శిఖంలో కొంత తానే దున్నుకుంటున్నానని, ఆ పక్కకు రాకుండా పార్కు కట్టుకొమ్మని అన్నాడు. "గిది మాత్రం రాయకు," అన్నాడు. నేను రాయలేదు. అందరూ మంచి మాటలే చెప్పారని నేను అనను.

ఊరికి దూరంగా ఒక చిన్న పల్లె ఉంది. వెళితే సగం ఇళ్ళకు తాళాలు. ఏడాదిలో ఎక్కువ కాలం బయట పనులకు పోయే కుటుంబాలవి. పని మధ్యలో చుట్టాల పెళ్ళి కోసం వచ్చిన ఒకామె చంకలో పిల్లతో గుమ్మంలో నిలబడి మాట్లాడింది.

"మేం ఊర్ల ఉండం అక్కా, మమ్ముల అడుగుతవేంది?"

"ఊరు మీదే గదా."

ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "బతుకమ్మకు వస్తం. ఎంత దూరం పోయినా వస్తం. ఆ చాకిరేవు పక్కపొంటి దిగి బతుకమ్మను నీళ్ళల ఇడుస్తం. గాడ దిగనియ్యుండ్రి. గంతే."

నలభై ప్రశ్నల్లో ఒక్కటీ బతుకమ్మ గురించి లేదు. తెలుగులో రాసినదాన్ని నేనే, నాకూ తట్టలేదు.

వారానికోసారి ఫారాలు కొరియర్‌లో పంపేదాన్ని. సార్ ఫోన్ చేశాడు.

"ఫారాలు బాగున్నాయమ్మా. కానీ ఇతరములు చాలా ఎక్కువ రాస్తున్నావ్. అది కంప్యూటర్‌లో ఎక్కదు. గడుల్లో టిక్కులు వచ్చేలా అడుగు."

"సార్, వాళ్ళు చెప్పేదంతా అందులనే ఉంది."

"అర్థమైంది. కానీ టిక్కులు కావాలి."

నేను టిక్కులు పెట్టించాను. ఫౌంటెన్ కావాలా అని అడిగితే పెట్టండి అన్నారు. ఎవరు వద్దంటారు? బోటింగ్ కావాలా అంటే నవ్వి, సరే అన్నారు. అలా అడిగినప్పుడల్లా నా గొంతు నాకే నచ్చేది కాదు.

వానలు మొదలయ్యాక ఊరి బడి వరండాలో మీటింగు పెట్టారు. వారం మధ్యలో, పగలు పదకొండింటికి, నాట్ల కాలంలో. ఆడవాళ్ళంతా పొలాల్లో ఉంటారు సార్, ఆదివారం పెడదాం, లేదంటే పొద్దు గూకే ముందు పెడదాం అని రెండుసార్లు చెప్పాను. కారు, ప్రొజెక్టరు బుక్ అయ్యాయన్నాడు. వచ్చాడు. కరెంటు పోయింది. ప్రొజెక్టరు పెట్టె మూసి పెట్టుకుని కూర్చున్నాం. వచ్చిన పాతికమంది మగవాళ్ళు బీడీలు కాల్చుకుంటూ లేచిపోవడానికి చూస్తున్నారు.

నాకు ఏమనిపించిందో, బడిలో సుద్దముక్క అడిగి తీసుకుని వరండా బండల మీద చెరువు గీశాను. కట్ట, తూము, నీళ్ళు పొర్లే మత్తడి. "బాపూ, తూము ఈడనేనా?" అని అడిగాను. "కాదు, ఇంకింత అవుతలికి," అని ఆయన వంగి వేలితో చూపించాడు. అన్న నా చేతిలో సుద్ద లాక్కుని నిండు చెరువు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో గీత గీశాడు. ఆ గీత ఊయలలను దాటి బాట మీదికి వచ్చింది. మధ్యాహ్నం సద్ది తినడానికి పొలాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు కాళ్ళకు బురదతోనే వరండా అంచున నిలబడి, బర్రెలు దిగే చోటు, బట్టలుతికే చోటు, బతుకమ్మ దిగే చోటు అరుచుకుంటూ చెప్పారు. అవ్వ వచ్చి తన బండ ఉన్నచోట ఒక గులకరాయి పెట్టింది. సార్ కుర్చీ నుంచి లేచి ఫొటోలు తీశాడు. వెళ్ళేటప్పుడు నాతో, "దీన్నే నిజమైన పార్టిసిపేషన్ అంటారు," అన్నాడు. నిజమే అనుకున్నాను. అంత ఆనందంగా నేను ఏ పనీ చేయలేదు.

చివర్లో ఆయన కొన్ని కాగితాలు ఇచ్చాడు. పైన రాత ఏమీ లేదు, కింద వరస నంబర్లు, గళ్ళు. "హాజరు తీసుకో," అన్నాడు. సంతకం వచ్చినవాళ్ళతో సంతకం, రానివాళ్ళతో వేలిముద్ర. ఇంకు ప్యాడు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ నేనే వెళ్ళాను.

"ఎందుకు గిది?" అని అవ్వ అడిగింది.

"మీరు వచ్చినట్టు గుర్తు అవ్వా. అంతే."

ఆమె బొటనవేలు పట్టుకుని నేనే కాగితం మీద నొక్కాను. బట్టలుతికి ఉతికి ఆ వేలి గీతలు అరిగిపోయి, ముద్ర సరిగా పడలేదు. రెండోసారి నొక్కాను.

తర్వాత కొన్ని నెలలు ఏ కబురూ లేదు. 2012 మొదట్లో, బ్రోషరులో తెలుగు సరిచేయాలి రమ్మని సార్ హైదరాబాదుకు పిలిచాడు. పొద్దున రైలుకు వెళ్ళాను. ఆఫీసులో టేబుల్ మీద బైండు చేసిన రిపోర్టు ఉంది. తిరగేస్తే నా సుద్ద చెరువు ఫొటో కనిపించింది, కింద నా గురించి మెచ్చుకోలు కూడా ఉంది. పేజీ తిప్పాను. డ్రాయింగు. ఊయలలు అక్కడే ఉన్నాయి. బాట తూము మీదుగానే పోతోంది. చాకిరేవు ఉన్నచోట ఇనుప రెయిలింగు, లోపల పూలమడులు. ఆ పేజీ మూల తేదీ చూశాను. నేను మొదటి ఫారం నింపడానికి రెండు నెలల ముందటిది.

ఇంకా తిప్పాను. నేను తీసుకున్న వేలిముద్రల కాగితాలు. పైన ఖాళీగా ఉన్న చోట ఇప్పుడు అచ్చులో ఒక వరస ఉంది: 'పై డిజైనును ఏకగ్రీవంగా ఆమోదించిన గ్రామస్తులు.' అవ్వ బొటనవేలు రెండుసార్లు పడిన మరక అలాగే ఉంది.

సార్ గదిలోకి ఆ రిపోర్టు పట్టుకునే వెళ్ళాను.

"సార్, వీళ్ళు వచ్చినట్టు వేసిన్రు. ఒప్పుకున్నట్టు కాదు."

"వచ్చారు, చూశారు, వేలిముద్ర వేశారు. ఎవరైనా వద్దన్నారా?"

"వాళ్ళకు ఈ డ్రాయింగే చూపియ్యలేదు సార్. కరెంటు పోయింది."

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండేది. "చూడమ్మా, ఇవన్నీ ఇలాగే జరుగుతాయి. డ్రాయింగ్ లేకుండా శాంక్షన్ రాదు, శాంక్షన్ లేకుండా నిన్ను పెట్టుకోలేం. నువ్వు చాలా బాగా చేశావ్. రిపోర్టు ఇంత బాగా వచ్చిందంటే నీ వల్లే."

ఆ మెప్పు ఇప్పటికీ నాకు మంట. తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది గానీ బయట ఏముందో చూడలేదు. సార్ మీద కోపం సగమే. ఆ ఇంకు ప్యాడు పట్టుకున్నది నా చేయి.

ఊరికి పోకుండా ఉండిపోవచ్చు. ఉద్యోగం మిగిలేది, ఊళ్ళో ఎవరికీ తెలిసేది కూడా కాదు. నాలుగు రోజులు అలాగే అనుకున్నాను. ఐదో రోజు మా అత్తమ్మకు చెప్పాను. ఆమె అంతా విని, "చెప్పి రా," అంది.

కట్ట మీద ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. అవ్వ, అన్న, బాపు. ఆ రోజు తిరిగి ఇవ్వకుండా నాతోనే తెచ్చేసిన రిపోర్టులోని పేజీలు జెరాక్సు తీయించుకుని వెళ్ళాను. బాపు లేచి నిలబడ్డాడు.

"నిన్ను నమ్మి ఏసినం. మీ సారునెవడు చూసిండు? నీ మొకం చూసి ఏసినం."

"నాకు తెల్వదు బాపూ."

"తెల్వకపోతే ఎందుకొచ్చినవ్?"

అన్న ఆ జెరాక్సును పట్టుకుని ఊయలల బొమ్మనే చూస్తున్నాడు. అవ్వ అంది: "మల్ల ఏం జేద్దాం?"

అర్జీ రాద్దామన్నాను. డ్రాయింగుకు మేము ఒప్పుకోలేదని, ఊయలలు జరపాలని, రేవు ఉంచాలని, తూము దగ్గర జాగా వదలాలని. అక్కడే కూర్చుని రాశాను. ఇంకు ప్యాడు తీశాను. చుట్టూ చేరిన ఆడవాళ్ళలో ఒక్కరూ చేయి చాపలేదు. అవ్వ ఆ ప్యాడును చూసి, నన్ను చూసింది.

"ఈసారి పైన ఏమున్నదో ముందుగాల సదువు."

చదివాను. ఇంకోసారి అంది. మళ్ళీ చదివాను. మూడోసారి, బళ్ళో చదువుతున్న తన మనవరాలిని పిలిపించి చదివించింది. నేను చదివినదీ ఆ పిల్ల చదివినదీ ఒకటేనని తేలాక వేలు చాపింది. నాకు చాలా సిగ్గనిపించింది. అలా చేసినందుకు ఆమె మీద గౌరవమూ కలిగింది.

ఆ అర్జీ పట్టుకుని ఎల్లారెడ్డిలో ఒక ఆఫీసుకు వెళ్ళాం. ఇది ఇక్కడిది కాదు, కామారెడ్డికి పొమ్మన్నారు. కామారెడ్డిలో ఇది మా సెక్షను కాదన్నారు. మూడో చోట ఒక గుమాస్తా చదవకుండానే ముద్ర కొట్టి, ఒక ప్రతి మాకు ఇచ్చాడు. అన్న ఒక రోజు వేట, బాపు ఒక రోజు పొలం పని పోగొట్టుకున్నారు. ఆ తర్వాత మూడుసార్లు నేను ఒక్కదాన్నే వెళ్ళి అడిగాను. పై నుంచి రావాలి అన్నారు. పై నుంచి ఏమీ రాలేదు. డిజైన్ ఆఫీసు నుంచి మాత్రం, నా అవసరం అయిపోయిందని ఫోన్ వచ్చింది. మళ్ళీ షట్టర్లు, మెట్లు గీసే షాపుకు వెళ్ళాను.

2013లో పనులు మొదలయ్యాయి. ఎండాకాలంలోనే ఊయలలకు కాంక్రీటు పోశారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక రోజు షాపులో ఉండగా అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, ఒకసారి వచ్చి చూసి పో."

వెళ్ళాను. చెరువు నిండి కట్టను తాకుతోంది. ఊయలల పై కమ్మీ తప్ప ఏమీ కనిపించడం లేదు. పక్కన జారుడుబల్ల నెత్తి నీళ్ళ పైన ఉంది, దాని మీద కొంగ వాలింది. అన్న నవ్వలేదు. నేను అక్కడి నుంచే సార్‌కు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు.

"అవునమ్మా, విన్నాను. ఇంత నీరు వస్తుందని ఎవరూ ఊహించలేదు."

"ఫారం మీద రాసుంది సార్."

"ఏ ఫారం?"

ఫోన్ పెట్టేశాను.

రెయిలింగు పని మరుసటి ఏడు చాకిరేవు దాకా వచ్చింది. అప్పుడు నేను అక్కడ లేను, తర్వాత అవ్వ చెప్పింది. కమ్మీలు పాతడానికి మేస్త్రి గుంతలు తవ్వించాడు. పొద్దున వచ్చేసరికి పది పన్నెండు మంది ఆడవాళ్ళు గుంతల పక్కన బట్టల మూటలు పెట్టుకుని కూర్చున్నారు. గొడవ పడలేదు, కేకలు వేయలేదు. గుంతల మధ్యే బట్టలు ఉతుక్కున్నారు. మర్నాడూ అంతే. మూడో రోజు మేస్త్రి కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. కాంట్రాక్టరు విసుక్కుని, అక్కడ ఖాళీ వదిలెయ్యి అన్నాడట. మేస్త్రి తనంతట తానే నాలుగు బండమెట్లు కూడా వేశాడు. వాళ్ళ ఊళ్ళోనూ చెరువుందట.

బండ మాత్రం పోయింది. ఎవరో పగలగొట్టి పునాదిలో వేసేశారు. అన్నకు వల ఎండబెట్టుకునే చోటు పోయింది, అక్కడ పూలమడి ఉంది. తూము దగ్గర బాపు మనుషులే బాట కొంత పగలగొట్టుకున్నారు. శిఖంలో ఆయన సాగు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

2014లో, తెలంగాణ వచ్చిన ఏడు, బతుకమ్మ చాలా ఘనంగా చేశారు. అవ్వ కబురు పంపితే వెళ్ళాను. గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న మనిషి కామారెడ్డి పోయాడట. ఎవరూ అతని కోసం ఆగలేదు. బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని చుట్టూ తిరిగి, ఆ ఖాళీలోంచి లోపలికి వచ్చి, మెట్లు దిగారు. పల్లె నుంచి చాలామంది వచ్చారు. ఆ రోజు గుమ్మంలో మాట్లాడినామె ఉందేమోనని వెతికాను, కనిపించలేదు.

ఎవరో నన్ను చూపించి అవ్వను అడిగారు, "గామె ఎవరు?" అని.

"ఫారాలు రాసుకున్నామె," అంది అవ్వ. కోపంగా అనలేదు, మెచ్చుకుంటూనూ అనలేదు. అడిగినావిడ సరే అన్నట్టు తలూపి పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. నేను వాళ్ళ మధ్య నిలబడి చప్పట్లు కలిపాను. పాట సగమే వచ్చు నాకు. మిగిలిన సగం పక్కావిడ పెదవులు చూసి పాడాను.